మైకుసెట్టు సురక్షితంగా: యాంప్లిఫయర్‌కు స్పీకర్లు కలపడం, నడపడం, విప్పడం

యాంప్లిఫయర్ ఎన్ని వాట్లని అడిగేవాళ్లే గానీ, స్పీకర్లు ఎన్ని ఓమ్‌లని, అంటే కరెంటుకు ఎంత అడ్డు ఇస్తాయని, అడిగేవాళ్లు మన దగ్గర తక్కువ. వినాయక చవితికి వీధి కుర్రాళ్లు చందాలేసుకుని సెట్టు కొన్నా, అపార్ట్‌మెంట్ కమిటీ వాళ్లు సెల్లార్‌లో కార్యక్రమాల కోసం రెండు బాక్సులు తెచ్చుకున్నా, బేరమంతా వాట్ల మీదే జరుగుతుంది. కాలేటప్పుడు మాత్రం ఓమ్‌ల లెక్క తప్పిన చోట కాలుతుంది. లేదంటే వదులుగా బిగించిన వైరు దగ్గర, లేదంటే ఎవరూ పట్టించుకోని ఆ చిన్న ఎర్ర లైటు వల్ల. మనుషుల ప్రాణాలకు ముప్పు వచ్చేది ఇంకో చోట, కరెంటు బోర్డు దగ్గర.

బెజవాడ, గుంటూరుల్లో సొంతంగా సెట్టు పెట్టుకుని నడుపుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. రెండు చానెళ్ల పవర్ యాంప్, చిన్న మిక్సర్, రెండు నుంచి నాలుగు బాక్సులు, అవసరమైతే కొన్ని హారన్లు. ఇంతవరకే. యాంప్ లోపలే బిగించి వచ్చే పవర్డ్ బాక్సులైతే మీకు ఓమ్‌ల గొడవ లేదు. కరెంటు, వాన, చట్టం గురించి రాసింది మాత్రం వాటికీ వర్తిస్తుంది.

మొదటి పని: బాక్సు వెనక ఏముందో చదవడం

ప్రతి బాక్సు వెనకా ఒక రేకు గానీ స్టిక్కర్ గానీ ఉంటుంది. దాని మీద రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి ఓమ్‌లు: సాధారణంగా 8, కొన్నిటికి 4, హారన్ డ్రైవర్లకు 16 కూడా ఉండొచ్చు. రెండోది వాట్లు. ఇక్కడే అమ్మేవాళ్ల మాయ ఉంటుంది. ఒకే స్పీకర్‌ను ఆర్.ఎం.ఎస్. 300, ప్రోగ్రామ్ 600, పీక్ 1200 అని మూడు రకాలుగా చెప్పొచ్చు. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండేది ఎప్పుడూ ఆ చివరిదే. మన లెక్కలకు ఆర్.ఎం.ఎస్. అంకె, అంటే స్పీకర్ ఆగకుండా తట్టుకునే పవర్, ఒక్కటే పనికొస్తుంది. అది రాసిలేని బాక్సుకు పీక్‌లో నాలుగో వంతు అనుకుని దిగండి.

స్టిక్కర్ ఊడిపోతే మల్టీమీటర్ తీయండి. యాంప్ నుంచి వైరు పూర్తిగా పీకేసి, ఓమ్స్‌లో పెట్టి, బాక్సు రెండు టెర్మినళ్ల మీద పుల్లలు ఆనించండి. 8 ఓమ్‌ల స్పీకర్ మీటర్‌లో 8 చూపించదు. ఐదున్నర నుంచి ఏడు మధ్యలో ఎక్కడో చూపిస్తుంది. 4 ఓమ్‌లది మూడు, మూడున్నర దగ్గర ఉంటుంది. మీటర్ కొలిచేది కాయిల్ రాగి నిరోధాన్నే, పాట నడిచేటప్పుడు యాంప్‌కు ఎదురయ్యే ఇంపిడెన్స్‌ను కాదు. అందుకే ఆ తేడా. అసలు రీడింగే రాకపోతే కాయిల్ తెగిందనో, లోపల క్రాసోవర్ (బేస్‌నూ పైశబ్దాన్నీ విడదీసి పంపే సర్క్యూట్) దగ్గర వైరు ఊడిందనో అర్థం. అర ఓమ్, ఒక ఓమ్ చూపిస్తే ఎక్కడో షార్ట్ ఉంది. ఆ బాక్సును యాంప్ దరిదాపులకు కూడా తీసుకురాకండి.

పాత బేస్ బాక్సు అయితే ఇంకో పరీక్ష ఉంది. జాలీ విప్పి, రెండు చేతుల వేళ్లు విప్పార్చి కోన్ అంచుల మీద సమానంగా ఆనించి, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. మెత్తగా, చప్పుడు లేకుండా వెళ్లి రావాలి. ఇసుక రాసుకున్నట్టు బరబరమంటే కాయిల్ కాలి ఉబ్బిందన్నమాట. ముక్కు దగ్గర పెడితే కాలిన వార్నిష్ వాసన కూడా తెలుస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లకు ఈ రెండు నిమిషాల పని వేలల్లో మిగులుస్తుంది.

ఓమ్‌ల లెక్క

రాగి వైరు మీద చెయ్యి వేసేముందు కాగితం మీద పెన్ను పెట్టండి. స్పీకర్లను రెండు రకాలుగా కలపొచ్చు. పక్కపక్కన, అంటే ఎర్రకు ఎర్ర, నల్లకు నల్ల కలిపితే ప్యారలల్. ఒకదాని నల్లను రెండోదాని ఎర్రకు కలిపి గొలుసులా వేస్తే సిరీస్. ప్యారలల్‌లో ఓమ్‌లు తగ్గుతాయి, సిరీస్‌లో కూడతాయి. 8 ఓమ్‌ల బాక్సులు రెండు ప్యారలల్‌గా వేస్తే 4. మూడు వేస్తే 2.67. నాలుగు వేస్తే 2.

బాక్సు వెనక రెండు సాకెట్లు ఉంటాయి కదా, ఒకదాంట్లోకి వైరు వచ్చి రెండోదాంట్లోంచి ఇంకో బాక్సుకు వెళ్తుంది. అది సిరీస్ కాదు, ప్యారలలే. ఒకదాని తర్వాత ఒకటి వేశాం కాబట్టి సిరీసే అనుకుని, సాకెట్ ఖాళీగా ఉందని మూడోదీ, నాలుగోదీ తగిలించేస్తారు. యాంప్ వెనక కనీసం 4 ఓమ్‌లని రాసి ఉంటుంది. దానికి 2 ఓమ్‌ల బరువు పడుతుంది. ఓమ్‌లు సగమైతే యాంప్ ఇవ్వాల్సిన కరెంటు రెట్టింపవుతుంది. కాసేపు పాట బ్రహ్మాండంగా వస్తుంది. తర్వాత ప్రొటెక్ట్ లైటు వెలిగి ఆగిపోతే మీ అదృష్టం. ఆ రక్షణ లేని చవక యాంప్ అయితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి. పోయేటప్పుడు అవి షార్ట్ అయితే డీసీ నేరుగా స్పీకర్లోకి వెళ్లి కాయిల్‌ను కూడా కాల్చేస్తుంది. ఒక రిపేరు అనుకున్నది మూడు రిపేర్లవుతుంది.

4 ఓమ్‌ల బాక్సునూ 8 ఓమ్‌ల బాక్సునూ ఒకే చానెల్‌కు వేయడం ఇంకో అలవాటు. మొత్తం 2.67 అవుతుంది సరే, పవర్ కూడా సమానంగా పంచుకోవు. 4 ఓమ్‌లది రెండు వంతులు లాగేస్తే 8 ఓమ్‌లదానికి ఒక వంతే మిగులుతుంది. ఒకటి అరుస్తుంది, ఒకటి గొణుగుతుంది. అలా కలపకండి, వేరే చానెల్‌కు వేయండి.

సాధారణ సెట్టుకు నేను చెప్పేది ఒకటే: చానెల్‌కు ఒక 8 ఓమ్‌ల బాక్సు, మహా అయితే రెండు. మూడో జత కావాలంటే రెండో యాంప్ తెచ్చుకోండి. 2 ఓమ్‌ల దాకా తట్టుకుంటామని రాసే యాంప్‌లు ఉన్నాయి, నిజమే. కానీ మే నెల సాయంత్రం పందిట్లో ఆ హామీని పరీక్షించడం నాకు ఇష్టం ఉండదు.

యాంప్ వెనక బ్రిడ్జ్ అని ఒక స్విచ్ ఉంటుంది. రెండు చానెళ్లనూ కలిపి ఒకే పెద్ద చానెల్‌గా వాడుకునే ఏర్పాటు అది, బేస్ బాక్సుకు వాడతారు. అందులో స్పీకర్ రెండు ఎర్ర టెర్మినళ్ల మధ్య కలుస్తుంది, నల్లవి ఖాళీగా ఉంటాయి. 8 ఓమ్‌ల బాక్సు పెడితే ఒక్కో చానెల్‌కు 4 ఓమ్‌లు పెట్టినంత బరువు. అందువల్ల బ్రిడ్జ్‌లో 4 ఓమ్‌లు చాలా యాంప్‌లకు నిషిద్ధం. బ్రిడ్జ్‌లో ఏ వైరూ గ్రౌండ్ కాదు కాబట్టి దేన్నీ యాంప్ బాడీకి గానీ ఎర్త్‌కు గానీ తగలనివ్వకూడదు. అవసరం లేనివాళ్లు ఆ స్విచ్ జోలికే వెళ్లకండి. రవాణాలో దానంతటదే జరగొచ్చు కూడా, ప్రతిసారీ ఎక్కడుందో ఒకసారి చూసుకోండి.

వాట్లు, ఆ ఎర్ర లైటు

స్పీకర్ 300 వాట్లయితే యాంప్ అదే ఓమ్‌ల దగ్గర 300 నుంచి 600 వాట్ల మధ్య ఇచ్చేది ఉండాలి. నాబ్ మీద చెయ్యి ఆగని మనిషి కూర్చుంటాడంటే 300 చాలు.

చిన్న యాంప్ పెడితే స్పీకర్ కాలదులే అనుకోవడం పొరపాటు. 100 వాట్ల యాంప్‌ను దాని శక్తికి మించి తోస్తే శబ్దపు అల తలా తోకా తెగి చదునవుతుంది. దాన్నే క్లిప్పింగ్ అంటారు. అలా తెగిన అలలో, అంతే ఎత్తున్న మామూలు అలతో పోలిస్తే రెట్టింపు దాకా శక్తి ఉంటుంది. పైగా కొత్తగా పుట్టే పదునైన శబ్దాలన్నీ క్రాసోవర్ దాటి నేరుగా పైశబ్దాలిచ్చే చిన్న ట్వీటర్ మీద పడతాయి. బేస్ కోన్ బాగానే ఉండి, పై డ్రైవర్ డయాఫ్రం మాత్రం పోయిందంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

యాంప్ ముందు భాగంలో క్లిప్ అని రాసిన ఎర్ర లైటు దీన్ని చెప్పడానికే ఉంది. పెద్ద డప్పు దెబ్బకు ఎప్పుడైనా ఒకసారి మిణుక్కుమంటే ఫర్వాలేదు. ఆగకుండా వెలుగుతుంటే మిక్సర్ మాస్టర్ వెంటనే తగ్గించండి. “అన్నా, సౌండు సరిపోవట్లేదు, ఇంకొంచెం పెంచు” అని వెనక నుంచి ఎవరు అరిచినా సరే.

సౌండు నిజంగానే సరిపోకపోతే నాబ్ తిప్పడం వల్ల పెద్దగా ఒరిగేది కూడా ఉండదు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి అది కొంచెం పెరిగినట్టే ఉంటుంది. ఆరుబయట దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ పడిపోతుంది. ఒక వాటుకు ఒక మీటరు దూరంలో 98 డెసిబెల్స్ ఇచ్చే బాక్సుకు 100 వాట్లు ఇస్తే మీటరు దూరంలో 118 వస్తుంది, 16 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి అది 94. వెనక కూర్చున్నవాళ్లకు వినపడాలంటే ముందు బాక్సుల్ని చితకబాదడం కంటే ఇంకో జత బాక్సులు మధ్యలో పెట్టడమే తెలివైన పని.

వైర్లు, కనెక్టర్లు

స్పీకర్‌కు వెళ్లే వైరూ మైకు వైరూ ఒకటి కావు. మైకు వైరు లోపల సన్నటి తీగ, చుట్టూ జల్లెడ ఉంటాయి. దాంట్లో స్పీకర్ కరెంటు పంపితే వేడెక్కుతుంది. స్పీకర్‌కు రెండు తీగల మెత్తని రాగి వైరు వాడాలి. పది మీటర్ల లోపు 1.5 చదరపు మిల్లీమీటర్లు, అంతకు మించితే 2.5. ముప్పై మీటర్లకు 4 వేసినా దండగ కాదు. 4 ఓమ్‌ల బరువుకు ముప్పై మీటర్ల దూరం 2.5 వైరు వేస్తే, బాక్సుకు అందే పవర్ దాదాపు 18 శాతం తగ్గుతుంది. అదే దూరానికి ఒక చదరపు మిల్లీమీటరు వైరు వేస్తే బాక్సుకు అందేది మూడో వంతుకు పైగా తగ్గుతుంది. ఇక అల్యూమినియానికి రాగి పూత పూసిన చవక వైర్లయితే మరీ అన్యాయం. కొనేటప్పుడు ఒక తీగను బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా ఉంటే వద్దని చెప్పండి. మొత్తానికి యాంప్‌ను బాక్సులకు దగ్గరగా పెట్టి, మిక్సర్ నుంచి యాంప్‌కు వచ్చే సిగ్నల్ వైరునే పొడుగు చేసుకోవడం మేలు.

వైరు కొసను టెర్మినల్‌లో బిగించేటప్పుడు హడావిడి పనికిరాదు. కొసన సెంటీమీటరు మేర మాత్రమే పైతొడుగు తీయండి. తీగలన్నీ ఒకే దిక్కుకు గట్టిగా మెలిపెట్టండి. టెర్మినల్ మూత విప్పి, పక్కన కనబడే రంధ్రంలోంచి మెలి మొత్తం దూర్చి, మూత బిగించండి. బయటికి రాగి కనపడకూడదు. టార్చి వేసి చూస్తే ఒక్కోసారి వెంట్రుకంత తీగ ఒకటి తప్పించుకుని పక్క టెర్మినల్ వైపు వంగి ఉంటుంది. ఆ ఒక్క వెంట్రుక చాలు షార్ట్ అవ్వడానికి. చివరగా వైరు పట్టుకుని కొంచెం లాగి చూడండి. జారితే మళ్లీ మొదటి నుంచి.

స్పీకాన్ సాకెట్ ఉంటే దాన్నే వాడండి. దూర్చి కుడివైపుకు తిప్పితే క్లిక్ మని లాక్ పడుతుంది, ఎవరి కాలో తగిలినా ఊడదు, మెటల్ చేతికి తగలదు. మామూలు బాక్సులకు 1+, 1- అని రాసిన గడుల్లోనే వైర్లు ఉండాలి. గిటార్‌కు వాడే పొడుగు జాక్‌ను స్పీకర్‌కు వాడటం మానేయడమే మంచిది, అది దూరేటప్పుడూ ఊడేటప్పుడూ క్షణకాలం షార్ట్ చేస్తుంది. పెద్ద యాంప్ అవుట్‌పుట్‌లో షాక్ కొట్టేంత వోల్టేజ్ ఉంటుంది. 4 ఓమ్‌లకు 1000 వాట్లు ఇచ్చే చానెల్‌లో 63 వోల్టులు. తడి చేతులతో ముట్టుకునే సరుకు కాదు.

ఎర్ర, నల్ల తిరగబడితే ఏమీ కాలదు గానీ, రెండు బాక్సుల్లో ఒకటి ముందుకు తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతుంది. మధ్యలో నిలబడితే బేస్ మాయమవుతుంది. అనుమానం ఉంటే ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ సెల్ తీసుకుని, ప్లస్ ఎర్రకు, మైనస్ నల్లకు ఒక్క క్షణం తాకించండి. కోన్ ముందుకు కదిలితే సరిగ్గా ఉన్నట్టు. యాంప్ నుంచి విడదీశాకే ఇది చేయాలి.

కరెంటు

ఇక్కడ తొందరపాటు పనికిరాదు, మొహమాటం అసలే పనికిరాదు. స్తంభం మీద తీగకు కొక్కెం వేసి కరెంటు తీసుకునే పని ఎవరు చెప్పినా చేయకండి. ప్రాణాంతకం, నేరం కూడా. మన రెండు ఊళ్లూ సీపీడీసీఎల్ (విద్యుత్ పంపిణీ సంస్థ) కిందికి వస్తాయి. పందిరికి తాత్కాలిక కనెక్షన్ కోసం మీ సెక్షన్ ఆఫీసులో అడగండి. ఫిర్యాదులకు 1912 ఉంది.

బోర్డు దగ్గర ఎంసీబీతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ తప్పనిసరి. ఎంసీబీ వైరు కాలకుండా కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్సీసీబీ. మైకు పట్టుకున్నవాళ్లకు పెదవి దగ్గర జిల్లుమన్నా వెంటనే మెయిన్ ఆపించాలి. కార్యక్రమం మధ్యలో ఉందనో, పెద్దాయన మాట్లాడుతున్నాడనో చూడకూడదు. జిల్లుమనడం అంటే ఎర్త్ లేదని, లీకేజీ మనిషి గుండా పోతోందని.

ఎర్త్ ఎలా చూడాలి? మల్టీమీటర్‌లో ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 230 దగ్గర, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒకటి రెండు వోల్టులు ఉండాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య పదులు కనపడితే ఏమీ కలపకండి. అయితే మీటర్ చూపించిందని పూర్తిగా నమ్మడానికీ లేదు. తుప్పు పట్టి పేరుకు మాత్రం తగులుతున్న ఎర్త్ మీద కూడా అది 230 చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. లోడ్ పెట్టి పరీక్షించే పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కు అప్పగించండి.

స్పీకర్లలో హమ్ (గుయ్ మనే ఆగని శబ్దం) వస్తోందని యాంప్ ప్లగ్గు మూడో పిన్ను పీకేసే మహానుభావులు ఇంకా ఉన్నారు. హమ్ పోతుంది నిజమే, దాంతోపాటు రక్షణ కూడా పోతుంది. మిక్సర్, యాంప్, ల్యాప్‌టాప్ అన్నిటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇస్తే సగం హమ్ అక్కడే ఆగుతుంది. మిగిలినదానికి ల్యాప్‌టాప్‌కూ మిక్సర్‌కూ మధ్య ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న చిన్న డబ్బా పెట్టండి. సరిచేసుకోవాల్సింది సిగ్నల్ వైరు వైపే, కరెంటు ఎర్త్‌ను ముట్టుకోకూడదు.

ఎక్స్‌టెన్షన్ వైరు చుట్ట మీదే ఉంచి లోడ్ వేయకండి. చుట్ట లోపల వేడి బయటికి పోక ప్లాస్టిక్ కరుగుతుంది. పూర్తిగా విప్పి పరచాలి. రెండు యాంప్‌లకు 16 ఆంపియర్ల సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల వైరు ఉండాలి. పందిరి సీరియల్ లైట్లు, కూలర్లు ఆ బోర్డు మీద వేయనివ్వకండి.

ఒక లక్షణం గుర్తుంచుకోండి: ఉన్నట్టుండి కొన్ని బల్బులు మరీ కాంతిగా, కొన్ని మరీ మందంగా మారితే త్రీ ఫేజ్ లైన్‌లో న్యూట్రల్ వదులైందన్నమాట. 230 ఉండాల్సిన చోట 300 దాటి, 400 దగ్గరికి కూడా రావొచ్చు. మెయిన్ ఆపేయడమే మార్గం. కారణం తర్వాత వెతకొచ్చు.

జనరేటర్ అయితే ముందు దాన్ని స్టార్ట్ చేసి, వోల్టేజ్ నిలకడగా 230 దగ్గరికి వచ్చాక లోడ్ ఇవ్వాలి. కరెంటు పోయి జనరేటర్‌కు మార్చేటప్పుడు యాంప్ స్విచ్‌లు ఆఫ్‌లో ఉండాలి. డీజిల్ అయిపోయి దానంతటది ఆగేదాకా నడపకండి, చివరి నిమిషంలో వోల్టేజ్ ఎగిరిపడుతుంది. జనరేటర్ బాడీకి కూడా ఎర్త్ ఉండాలి.

ఆన్ చేసే వరుస, ఆఫ్ చేసే వరుస

ఆన్ చేసేటప్పుడు యాంప్ చివర, ఆఫ్ చేసేటప్పుడు యాంప్ మొదట.

కొత్త యాంప్ గానీ రిపేరు నుంచి వచ్చిన యాంప్ గానీ అయితే, ముందు స్పీకర్లు తగిలించకుండా ఒక్కదాన్నే ఆన్ చేసి, మీటర్ డీసీలో పెట్టి అవుట్‌పుట్ చూడండి. కొద్ది మిల్లీవోల్టులు ఉంటే మంచిది. వోల్టుల్లో చూపిస్తే దానికి స్పీకర్ తగిలించకండి, తిరిగి మెకానిక్ దగ్గరికే పంపండి.

అన్నీ సరిగ్గా ఉంటే యాంప్ ఆఫ్ చేసి స్పీకర్లు కలపండి. యాంప్ నాబ్‌లు సున్నాలో, మిక్సర్ ఫేడర్లు కిందికి. మిక్సర్, ల్యాప్‌టాప్, వైర్‌లెస్ మైకు రిసీవర్ ఆన్ చేయండి. తర్వాత యాంప్. రెండు మూడు సెకన్లకు లోపల రిలే టక్ మంటుంది, స్పీకర్లను అప్పుడు కలుపుతుంది అది. నెమ్మదైన పాట ఒకటి పెట్టి, ఒక్కో చానెల్ విడిగా పెంచి, ఏ బాక్సు నుంచి వస్తోందో నడుచుకుంటూ వెళ్లి వినండి. బేస్, పైశబ్దం రెండూ వస్తున్నాయా అన్నది దగ్గరికి వెళితేనే తెలుస్తుంది.

ఆఫ్ చేసేటప్పుడు యాంప్ మొదట. మిక్సర్ ముందు ఆపితే ధబ్ మని వచ్చే ఆ శబ్దానికి బేస్ కోన్ గూట్లోంచి బయటికి దూకినంత పని చేస్తుంది. పాట నడుస్తుండగా మైకు జాక్ గానీ, సిగ్నల్ వైరు గానీ పీకకండి, ఆ చానెల్ మ్యూట్ చేశాకే.

నడిపేటప్పుడు

“యాంప్ నాబ్ సగంలోనే ఉంచాం కదా, ఎలా కాలింది?” అన్న ప్రశ్నకు జవాబు: ఆ నాబ్ పవర్‌కు అడ్డుకట్ట కాదు. వచ్చే సిగ్నల్‌ను ఎంత తీసుకోవాలో చెప్పేది మాత్రమే. మిక్సర్ నుంచి గట్టిగా తోస్తే సగం నాబ్‌లోనూ యాంప్ పూర్తి శక్తికి చేరుతుంది, దాటుతుంది కూడా. అందుకని మిక్సర్‌లో ఒక్కో చానెల్ గెయిన్‌ను మీటర్ మీద 0 dB గుర్తు దగ్గర ఆడేలా పెట్టి, మాస్టర్‌ను కూడా అక్కడే ఉంచి, తర్వాత యాంప్ నాబ్‌ను చోటుకు సరిపడా పెంచండి. ఆపైన తగ్గించడం పెంచడం మిక్సర్ మీదే. ఈక్వలైజర్‌లో బేస్ 6 డెసిబెల్స్ పెంచడం అంటే ఆ స్వరాల దగ్గర నాలుగు రెట్ల పవర్ అడగడమని మర్చిపోకండి. బేస్ బాక్సు విడిగా ఉంటే, పై బాక్సులకు 100 హెర్ట్జ్ కింద శబ్దం వెళ్లకుండా కట్ చేయండి.

మైకు కుయ్ మంటే ముందు ఆ మైకు తగ్గించండి, తర్వాత బాక్సుల వెనక్కి జరపండి. బాక్సు ముందుకు వెళ్లి మాట్లాడే అలవాటు మన వక్తలకు ఎక్కువ. స్టేజీ మీద చాక్‌పీసుతో గీత గీసి, “ఇది దాటకండి బాబాయ్ గారూ” అని ముందే చెప్పేస్తే చాలు.

వేడి గురించి మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాలి. మే నెలలో మధ్యాహ్నం 44, 45 డిగ్రీలు తాకే ఊళ్లివి. ఎండలో నల్ల ర్యాక్‌లో పెట్టిన యాంప్ పాట మొదలుకాకముందే కాగిపోయి ఉంటుంది. నీడలో పెట్టండి. ముందూ వెనకా జానెడు ఖాళీ వదలండి. పైన టవల్, ల్యాప్‌టాప్, పూలదండ ఏదీ పెట్టకూడదు. ముందు జాలీ వెనక స్పాంజి ఫిల్టర్ ఉంటే దుమ్ము దులపండి. నేల మీద ఇసుకలో పెడితే ఫ్యాను ఆ ఇసుకంతా లోపలికి లాగుతుంది.

హారన్లు, 100 వోల్టుల లైను

గుడి ఉత్సవానికీ, వీధి పొడవునా ప్రకటనలకూ హారన్లు వేసేటప్పుడు లెక్క పూర్తిగా వేరు. వీటికి వాడే మైకు యాంప్ వెనక 4, 8, 16 ఓమ్‌లతో పాటు 70, 100 వోల్టులని కూడా టెర్మినళ్లుంటాయి. ఒక్కో హారన్‌కూ లైన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండి, దాన్ని 100 వోల్టులకు కలిపితే ఓమ్‌ల లెక్క అక్కర్లేదు, వాట్లు కూడితే సరిపోతుంది. 250 వాట్ల యాంప్‌కు 30 వాట్ల ట్యాప్‌లో (ట్రాన్స్‌ఫార్మర్ మీద వాట్లు ఎంచుకునే గడిలో) పెట్టిన హారన్లు ఆరు, అంటే 180 వాట్లు. ఎనభై శాతం దాటకుండా ఉంటే మంచిది. అన్నీ ప్యారలల్‌గానే. వోల్టేజ్ ఎక్కువ, కరెంటు తక్కువ కాబట్టి సన్న వైరు మీద కూడా దూరం వెళ్తుంది. 250 వాట్లకు 8 ఓమ్‌ల దగ్గర దాదాపు 5.6 ఆంపియర్లు కావాల్సి వస్తే ఇక్కడ రెండున్నర చాలు.

ట్రాన్స్‌ఫార్మర్ లేని మామూలు 8 ఓమ్‌ల స్పీకర్‌ను 100 వోల్టుల టెర్మినల్‌కు తగిలించారో, అది కాలడానికి ఒక్క పాట కూడా పట్టదు. 100 వోల్టుల లైను మనిషికీ షాకే. అతుకులన్నీ టేపు చుట్టి, చేతికి అందని ఎత్తులో ఉంచండి. హారన్ డ్రైవర్‌కు బేస్ పనికిరాదు. యాంప్ మీద బేస్ నాబ్ బాగా తగ్గించి ఉంచండి.

వాన, వరద, ఊరేగింపు

చవితి వచ్చేదే వానల్లో. బాక్సులకు పాలిథీన్ కప్పొచ్చు, యాంప్‌కు మాత్రం గాలి ఆడేలా పైన రేకు ఉండాలి. బోర్డు, యాంప్ నేల మీద కాకుండా బల్ల మీద పెట్టండి. అతుకులు నీళ్లు నిలిచే చోట పడకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు చవితికి ఇంకా వారం కూడా లేదు. అలా మునిగిన యాంప్‌ను ఎండలో పెట్టి, పైకి ఆరింది కదా అని స్విచ్ వేయడం ప్రమాదం. ట్రాన్స్‌ఫార్మర్ చుట్లలో, బోర్డు కింద తడి, బురద ఉండిపోతాయి. మెకానిక్ విప్పి కడిగి ఆరబెట్టాకే. మీరే విప్పకండి, ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో ఛార్జ్ మిగిలే ఉంటుంది.

నిమజ్జనానికి బండి మీద బాక్సులు పేర్చేటప్పుడు ఎత్తు కొలవండి. బెల్టులతో బిగించాలి, తాళ్లు జారతాయి. దారిని ముందురోజే నడిచి చూసి, తీగలు కిందికి వేలాడే చోట్లు రాసుకోండి. పైనున్న తీగను కర్రతో ఎత్తి బండి పంపించడం ఎన్నో ఊళ్లలో చూస్తాం. 11 కేవీ తీగ ఏదో, ఇంటి సర్వీసు వైరు ఏదో కింద నుంచి చూసి చెప్పలేం. తడిసిన కర్ర కరెంటును ఆపదు కూడా. ఎత్తు తగ్గించుకోవాలి, లేదా విద్యుత్ సిబ్బందితో లైను ఆపించుకోవాలి. బండి మీద ఎవరికైనా షాక్ కొడితే ముట్టుకోకుండా జనరేటర్ ఆపి, 108కి ఫోన్ చేయండి. బండి పై తీగకు తగిలితే జనరేటర్ ఆపడం వల్ల లాభం లేదు, లైను ఆగిందని సిబ్బంది చెప్పేదాకా ఎవరూ దగ్గరికి పోకూడదు.

అనుమతి, టైము, శబ్దం

శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు, 2000 ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట వాడకూడదు. పండుగల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇవ్వగలదు. ఆ రోజులు మీకు వర్తిస్తాయా లేదా పోలీసు స్టేషన్‌లో కనుక్కోండి. బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర శబ్దం, ఆ ప్రాంతానికి నిర్ణయించిన శబ్ద ప్రమాణం కంటే 10 డెసిబెల్స్ ఎక్కువ లేదా 75 డెసిబెల్స్, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాన్ని దాటకూడదు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద మండలంగా ప్రకటించొచ్చు. బెజవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో సందుకో ఆసుపత్రి ఉంటుంది. అక్కడ బాక్సులు పెట్టేముందు చుట్టూ ఒకసారి నడిచి రండి. బాక్సుల పక్కనే కూర్చునే ఆపరేటర్ చెవులకు స్పాంజి ప్లగ్గులు పెట్టుకోవాలి. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు చెవి ఓర్చుకుంటుందని లెక్క, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ టైము సగమవుతుంది. 100 దగ్గర పావుగంట.

విప్పేటప్పుడు

యాంప్ ఆపి, మెయిన్ ఆపి, ఫ్యాను ఆగాక వైర్లు తీయండి. తడి వైర్లను అలాగే చుట్టి పెట్టెలో పడేయకండి, కొసల దగ్గర రాగి పచ్చబడి మరుసటి పండగకు అతుకే కుదరదు. మోచేతి చుట్టూ గట్టిగా చుట్టడం వల్ల లోపలి తీగలు మెలితిరిగి తెగుతాయి. పెద్ద వలయాలుగా చుట్టి, మధ్యలో ఒక తాడు వేయండి. ప్రతి వైరుకూ ఎంత పొడవో రంగు టేపు కట్టి రాసుకోండి. గరగరమన్న వైరునూ, వేడెక్కిన ప్లగ్గునూ అప్పుడే విడిగా సంచిలో వేసి, రిపేరుకని రాసి పెట్టండి.